ఊళ్లో ఉన్న మెషీన్‌కి రిమోట్ యాక్సెస్ పోయిందా? మళ్లీ లోపలికి వెళ్లే దారి ఇదీ

తెనాలిలో మా అమ్మానాన్నల ఇంట్లో టీవీ స్టాండు వెనక ఒక రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న లినక్స్ కంప్యూటర్) ఉంది. వాకిట్లో, పెరట్లో ఉన్న కెమెరాల రికార్డింగులు, పాత ఆల్బమ్‌ల నుంచి స్కాన్ చేసిన ఫొటోలు అన్నీ దాంట్లోనే. నేనుండేది హైదరాబాద్‌లో. ఒక రాత్రి దానికి సెక్యూరిటీ గట్టిగా పెడదామని కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి) పోర్ట్‌ని, అంటే ఆ తలుపు నంబర్‌ని, 22 నుంచి 2222కి మార్చాను, రౌటర్‌లో కూడా మార్చాను, బాగానే లాగిన్ అయింది. ఆ ఊపులోనే యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌లో (ఏ పోర్ట్‌లోకి రానివ్వాలో చూసే కాపలా) ఎస్‌ఎస్‌హెచ్‌కి పర్మిషన్ ఇచ్చి ఆన్ చేశాను. ముందున్న సెషన్ అలాగే నడుస్తోంది, ఏ కమాండ్ కొట్టినా జవాబు వస్తోంది, ఇంకేముంది అనుకుని ల్యాప్‌టాప్ మూసి పడుకున్నాను. పొద్దున్నే లాగిన్ అవ్వబోతే కర్సర్ అలా మిణుకుమంటూనే ఉంది, దాదాపు రెండు నిమిషాలకి ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వచ్చింది.

జరిగిందేమిటంటే, యూఎఫ్‌డబ్ల్యూకి ‘ఎస్‌ఎస్‌హెచ్’ అని పేరు చెబితే అది 22నే తెరుస్తుంది, మనం పోర్ట్ మార్చుకున్న సంగతి దానికి తెలియదు. అప్పటికే నడుస్తున్న కనెక్షన్‌ని మాత్రం అది తెంచదు. అందుకే రాత్రంతా బాగున్నట్టు కనిపించి, కొత్తగా తలుపు తట్టిన పొద్దున బయటపడింది.

ఆ రోజు సాయంత్రానికి లోపలికి వెళ్లగలిగాను, ఊరు వెళ్లకుండానే. ఆ పని ఏ వరసలో చేస్తే తక్కువ టెన్షన్‌తో అయిపోతుందో ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పెట్టుకున్న లినక్స్ మెషీన్ మీద ఎక్కువ రాశాను, క్లౌడ్ సర్వర్ గురించి చివర్లో ఉంది.

ముందు ఏమీ ముట్టుకోకండి

లాకౌట్ అయ్యామని, అంటే మన మెషీన్‌లోకి మనమే వెళ్లలేకపోతున్నామని, తెలియగానే చెయ్యి రీబూట్ వైపు వెళ్తుంది. ఆగండి. మీ దగ్గర ఎక్కడైనా పాత సెషన్ ఒకటి ఇంకా తెరిచి ఉందేమో చూడండి: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో, టీమక్స్‌లో (టెర్మినల్ సెషన్లని తెరిచి ఉంచే టూల్), ఎక్కడైనా సరే. ఉంటే దాన్ని మూయొద్దు, ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లోకి పోనివ్వొద్దు, వైఫై మార్చొద్దు. ఆ ఒక్క సెషన్ ఉంటే ఈ వ్యాసంలో మిగతాదంతా మీకు అక్కర్లేదు, అందులోంచే తప్పు సరిచేసి, రెండో విండోలో కొత్తగా లాగిన్ అయి చూసి, అది పనిచేశాకే మొదటిది మూయాలి.

సెషన్ లేకపోతే ఒక కాగితం తీసుకుని చివరిగా మీరు చేసిన మార్పులు గుర్తొచ్చినంత వరకు వరసగా రాయండి. ఇది చాలామంది చెయ్యరు, నేనూ మొదట చెయ్యలేదు. రాశాక, పోర్ట్ మార్చాను అన్న లైను కిందే ఫైర్‌వాల్ ఆన్ చేశాను అన్న లైను కనబడగానే సగం సంగతి అర్థమైపోయింది.

రీబూట్ సంగతి కూడా ఆ కాగితమే చెబుతుంది. ఫైర్‌వాల్ రూల్స్ పెట్టే ఐపీటేబుల్స్ కమాండ్‌తో నేరుగా పెట్టిన రూల్స్‌ని విడిగా సేవ్ చెయ్యకపోతే రీబూట్‌తో పోతాయి, కమాండ్‌తో తాత్కాలికంగా మార్చిన ఐపీ అడ్రస్ కూడా అంతే. అలాంటప్పుడు ఇంట్లో వాళ్లని ఒక్కసారి ప్లగ్గు తీసి పెట్టమంటే చాలు. కానీ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్, నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగులు, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్ ఇవన్నీ రీబూట్ అయినా అలాగే ఉంటాయి. మీరు ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో ఉండే లిస్టు) ఏదైనా మార్చి ఉంటే రీబూట్ ఇంకా ప్రమాదం, ఇప్పటిదాకా నడుస్తున్న మెషీన్ ఆ తర్వాత అసలు పైకే లేవకపోవచ్చు.

ఎర్రర్ ఏమంటోందో చదవండి

అన్ని ఎర్రర్లూ ఒకటే అనిపిస్తాయి గానీ, ఒక్కోటీ తెగిన చోటు ఒక్కోటి చూపిస్తుంది.

‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటే మీరు పంపింది ఎక్కడో మింగేశారు, జవాబే రాలేదు. ఫైర్‌వాల్ అడ్డం, మెషీన్ ఆఫ్, ఐపీ మారిపోయింది, లేదా ఇంట్లో నెట్టే లేదు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే దాదాపుగా మంచి వార్తే, అవతల ఎవరో ఉన్నారు, జవాబిచ్చారు, కాకపోతే ఆ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ ఆగిపోయి ఉండొచ్చు, కాన్ఫిగ్‌లో అచ్చుతప్పు వల్ల లేవలేకపోయి ఉండొచ్చు, పోర్ట్ తప్పు కొడుతూ ఉండొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది: తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టేవాళ్లని ఆపే ఫెయిల్‌2బ్యాన్ మిమ్మల్ని బ్యాన్ చేసినా మామూలుగా ఇదే మాట కనిపిస్తుంది. దాని డిఫాల్ట్ లెక్క పది నిమిషాల్లో ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే పది నిమిషాల బ్యాన్. కాబట్టి వైఫై తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి ప్రయత్నించండి, వెళ్తే సంగతి తేలిపోయినట్టే.

‘పర్మిషన్ డినైడ్’ వస్తే నెట్‌వర్క్, ఫైర్‌వాల్, సర్వీస్ మూడూ బాగున్నాయి, గొడవంతా తాళం చెవి దగ్గరే. కీ మార్చారా, యూజర్ పేరు తప్పా, లేక హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) ఇచ్చేశారా? ఈ చివరిది చాలామందికి తెలియదు. హోమ్ ఫోల్డర్‌లో గానీ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో గానీ వేరేవాళ్లు రాయగలిగేలా పర్మిషన్ ఉంటే, కీ సరైనదైనా సర్వర్ దాన్ని నమ్మదు. ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, అందులో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600 ఉండాలి.

‘హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్’ అని పెద్ద హెచ్చరికతో వస్తే, మీ ల్యాప్‌టాప్ గుర్తుపెట్టుకున్న మెషీన్, ఇప్పుడు పలుకుతున్న మెషీన్ ఒకటి కావన్నమాట. మీరే కొత్తగా ఓఎస్ వేసి ఉంటే సరే, పాత గుర్తు తీసేసి వెళ్లొచ్చు. వేయకపోతే తొందరపడి పాత గుర్తు తీసెయ్యకండి, రౌటర్ ఆ ఐపీని ఇంకో పరికరానికి ఇచ్చేసిందేమో ముందు చూడండి.

ఇల్లు పలుకుతోందా, మెషీన్ పలకట్లేదా

ఇంటికి ఫోన్ చేసి అడగాల్సిన మొదటి ప్రశ్న: టీవీలో యూట్యూబ్ వస్తోందా? రాకపోతే మీ మెషీన్ తప్పేం లేదు. ఫైబర్ కనెక్షన్ అయితే ఆ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందేమో చూడమనండి, వెలిగితే కేబుల్ ఎక్కడో తెగింది, లైన్‌మ్యాన్ రావాల్సిందే.

నెట్ ఉంటే రెండో ప్రశ్న: కరెంటు పోయి వచ్చిందా? మన ఊళ్లలో లాకౌట్‌లకి ఇదే పెద్ద కారణం, ఎవరూ ఏమీ మార్చకుండానే జరిగేది ఇదే. కరెంటు వచ్చాక రౌటర్ మీ మెషీన్‌కి వేరే లోకల్ ఐపీ ఇచ్చి ఉండొచ్చు, అప్పుడు పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చినదాన్ని రౌటర్ లోపలి మెషీన్‌కి పంపే ఏర్పాటు) ఖాళీ అడ్రస్‌కి పంపిస్తూ ఉంటుంది. బయట ఐపీ కూడా మారి ఉండొచ్చు. ఇంకా కొన్నిసార్లు ప్రొవైడర్ మిమ్మల్ని ఉమ్మడి ఐపీ కిందకి, అంటే సీజీనాట్ కిందకి మార్చేసి ఉంటాడు. అది కనిపెట్టడం తేలిక. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి ప్రొవైడర్ ఇచ్చిన అడ్రస్) ఎంత ఉందో చూడండి, ఇంట్లోంచి బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని వెతికితే వచ్చేది చూడండి. రెండూ వేరైతే, అందులోనూ రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, బయటి నుంచి పోర్ట్ ఫార్వార్డింగ్ ఇక పనిచెయ్యదు. పబ్లిక్ ఐపీ కావాలని వాళ్లనే అడగాలి, లేదా టెయిల్‌స్కేల్ (మన పరికరాల్ని ప్రైవేటుగా కలిపే వీపీఎన్) లాంటిది పెట్టుకోవాలి.

ఇవన్నీ హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని ఎలా చూస్తాం అంటే, ఇంట్లో ఉన్న ఇంకో కంప్యూటర్‌ని మధ్యవర్తిగా వాడుకోవాలి. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే ఎనీడెస్క్ (స్క్రీన్‌ని దూరం నుంచి నడిపే యాప్) పెట్టించి దాంట్లోకి వెళ్లండి, అక్కడి నుంచి రౌటర్ పేజీ తెరిచి కనెక్ట్ అయిన పరికరాల లిస్టు చూడండి. విండోస్ 10, 11లో ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ మామూలుగా ముందే ఉంటుంది కాబట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లోంచే లోకల్ ఐపీకి కొట్టి చూడొచ్చు. లోపలి నుంచి వెళ్తే గొడవ రౌటర్‌దో ప్రొవైడర్‌దో. లోపలి నుంచి కూడా వెళ్లకపోతే మెషీన్‌దే, నా కేసు అదే.

ఫోన్‌లో చెబుతూ ఇంట్లో వాళ్ల చేత చేయించడం

మెషీన్‌కి స్క్రీన్, కీబోర్డు తగిలిస్తే ఎస్‌ఎస్‌హెచ్ అక్కర్లేదు, ఫైర్‌వాల్ అడ్డం రాదు. టీవీయే స్క్రీన్. పై 4కి, 5కి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ పట్టదు, చివర మైక్రో హెచ్‌డీఎంఐ ఉండాలి, ఇది ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు షాపుకి రెండుసార్లు తిరగాల్సి వస్తుంది. రెండు పోర్టుల్లో పవర్ పిన్ను పక్కనున్న దాంట్లో పెట్టమనండి. టీవీలో బొమ్మ రాకపోతే కేబుల్ అలాగే ఉంచి, ఆకుపచ్చ లైటు కొట్టుకోవడం ఆగాక ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాలి. పై 4లో ఎర్ర లైటు కరెంటుకి, ఆకుపచ్చది కార్డు చదువుతున్నందుకు. బూట్ అయ్యేటప్పుడు కూడా ఆకుపచ్చది అసలు మిణుకుమనకపోతే కార్డే పోయిందేమో అనుమానించాలి.

మా నాన్న వీడియో కాల్‌లో టీవీ ముందు కూర్చున్నారు. యూజర్ పేరు కొట్టారు, పాస్‌వర్డ్ అడిగింది. ‘ఏరా, నేను కొడుతున్నా ఏమీ పడట్లేదు, కీబోర్డు పాడైందేమో’ అన్నారు. లినక్స్ కన్సోల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనబడవు, అది ముందే చెప్పాలి, నేను చెప్పలేదు. సరే, కొట్టి ఎంటర్ నొక్కితే లాగిన్ ఇన్‌కరెక్ట్ అంది. మూడుసార్లు. పాస్‌వర్డ్ కరెక్టే, నేను రాసిచ్చిందే చూసి కొడుతున్నారు.

అప్పుడు ఒక అనుమానం వచ్చి, ‘నాన్నా, యూజర్ పేరు అడిగే చోట షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కి, ఏం పడిందో చూడు’ అన్నాను. ఎట్ గుర్తు పడాల్సిన చోట డబుల్ కోట్ పడింది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ మనం మార్చకపోతే బ్రిటిష్ కీబోర్డు లేఅవుట్‌తో వస్తుంది, మన దగ్గర దొరికేవి అమెరికన్ లేఅవుట్ కీబోర్డులు. ఎట్, డబుల్ కోట్ రెండూ తారుమారు అవుతాయి. ఎట్ కావాలంటే షిఫ్ట్‌తో ఎంటర్ పక్కనే ఉన్న కోట్ మీట నొక్కాలి. అలా నొక్కగానే లోపలికి వెళ్లిపోయింది. యూజర్ పేరు దగ్గర అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి పాస్‌వర్డ్‌లోని గుర్తులన్నీ ముందు అక్కడ కొట్టి చూసుకోవడం మంచి ఉపాయం, ఎవరికైనా పనికొస్తుంది.

ఇక కమాండ్ చెప్పడం. సుడో, స్పేస్, యూఎఫ్‌డబ్ల్యూ, స్పేస్, అలౌ, స్పేస్, 2222 స్లాష్ టీసీపీ. ఇంతే, కానీ ఫోన్‌లో బి, డి, పి, టి, వి అన్నీ ఒకేలా వినబడతాయి. మేం బి ఫర్ బాపట్ల, డి ఫర్ ఢిల్లీ, పి ఫర్ పొన్నూరు, టి ఫర్ తెనాలి, వి ఫర్ విజయవాడ అని పెట్టుకున్నాం, ఒక్క తప్పు కూడా పడలేదు. వాట్సాప్‌లో రాసి పంపినా మంచిదే, కాకపోతే ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తనే పెద్దక్షరం చేస్తుంది, లినక్స్‌కి పెద్ద, చిన్న అక్షరాలు వేర్వేరు. ‘అన్నీ చిన్నక్షరాలే’ అని కింద ఒక లైను పెట్టండి. ఎంటర్ నొక్కేముందు స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించమనండి, ఎంత తొందరున్నా సరే.

నాన్న ఎంటర్ నొక్కి ‘రూల్ యాడెడ్ అంటోంది’ అన్న క్షణానికి ఇక్కడ నా టెర్మినల్ లోపలికి వెళ్లింది.

స్క్రీన్ లేదు, పాస్‌వర్డ్ కూడా గుర్తులేదు: ఎస్‌డీ కార్డు దారి

ఎస్‌డీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే అన్ని ఫైర్‌వాల్స్‌నీ దాటేసినట్టే. ఇది మీరు ఊరెళ్లినప్పుడో, అక్కడ కాస్త తెలిసిన బంధువు ఉన్నప్పుడో చెయ్యాల్సిన పని. విండోస్‌లో కార్డు పెట్టగానే ‘ఈ డిస్క్‌ని ఫార్మాట్ చెయ్యాలి’ అని అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. తప్పకుండా క్యాన్సిల్. కార్డులో రెండు భాగాలుంటాయి, బూట్ భాగం విండోస్‌కి కనబడుతుంది, అసలు సిస్టమ్ ఉన్న భాగాన్ని అది చదవలేదు, చదవలేని దాన్ని ఫార్మాట్ చేస్తానంటుంది, ఓకే అన్నారంటే ఫొటోలతో సహా పోతాయి.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసే ఆఫ్ అయి ఉంటే బూట్ భాగంలో ‘ఎస్‌ఎస్‌హెచ్’ అన్న పేరుతో, ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా, చిన్నక్షరాల్లో ఒక ఖాళీ ఫైల్ పెట్టి కార్డు తిరిగి పెడితే తర్వాతి బూట్‌లో అది ఆన్ అవుతుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే అదే భాగంలోని కమాండ్‌లైన్ ఫైల్ చివర, అదే లైనులో, ఇనిట్‌ని బ్యాష్‌కి చూపిస్తూ ఒక మాట కలిపితే లాగిన్ అడగకుండా రూట్ షెల్ వస్తుంది, అక్కడ డిస్క్‌ని రాయగలిగేలా రీమౌంట్ చేసి పాస్‌వర్డ్ మార్చుకుని, కలిపిన మాట తీసెయ్యాలి. దీనికి మళ్లీ స్క్రీన్ కావాలి.

ఫైర్‌వాల్ లాంటివి సరిచెయ్యాలంటే రెండో భాగం తెరవాలి, దానికి లినక్స్ కావాలి. ఉబుంటు పెన్‌డ్రైవ్ ఒకటి చేసుకుని ల్యాప్‌టాప్‌ని దాంతో బూట్ చెయ్యండి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా ‘ట్రై’ చాలు. ఈటీసీ ఫోల్డర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ కాన్ఫిగ్‌లో ‘ఎనేబుల్డ్’ పక్కన ఎస్‌కి బదులు నో పెడితే ఫైర్‌వాల్ లేకుండా బూట్ అవుతుంది.

ఇక్కడే ఎఫ్‌స్టాబ్ కూడా చూడండి. బయటి హార్డ్‌డిస్క్‌ని అందులో రాసి పెట్టుకుని, ఎవరో తుడుస్తూ ఆ యూఎస్‌బీ ఊడదీస్తే, తర్వాతి బూట్‌లో సిస్టమ్ దానికోసం ఒకటిన్నర నిమిషం చూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోతుంది, ఎస్‌ఎస్‌హెచ్ లేవదు. ఆ లైనులో ఆప్షన్ల దగ్గర ‘నోఫెయిల్’ అని కలిపితే డిస్క్ లేకపోయినా బూట్ అవుతుంది. నా పైలో అది లేదు, ఈ గొడవలో పడ్డాకే చూసుకుని కలిపాను.

క్లౌడ్ సర్వర్ అయితే

ఇక్కడ నాన్న చేత కీబోర్డు పెట్టించక్కర్లేదు, ప్రొవైడర్ పేజీలోనే కన్సోల్ ఉంటుంది. టైమ్డ్ అవుట్ వస్తుంటే ముందు సెక్యూరిటీ గ్రూప్ (సర్వర్ బయట ప్రొవైడర్ పెట్టే ఫైర్‌వాల్) చూడండి. ‘మై ఐపీ’ అని పెట్టి ఉంటే, మీ ఇంటి ఐపీ మారిన రోజున మీకే తలుపు మూసుకుంటుంది. ఇది సర్వర్ లోపలి గొడవ కాదు, బ్రౌజర్‌లో ఒక్క నిమిషం పని. సర్వర్ లోపలే ఫైర్‌వాల్ అడ్డం పెట్టుకుంటే అమెజాన్‌లో సీరియల్ కన్సోల్ ఉంది, కానీ దానికి పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ముందే ఉండాలి, కీ మాత్రమే వాడేవాళ్లకి ఆ పాస్‌వర్డ్ ఉండదు. అప్పుడు సర్వర్‌ని స్టాప్ చేసి (టెర్మినేట్ కాదు, రెండూ ఒకే మెనూలో ఉంటాయి, చూసి నొక్కండి), రూట్ డిస్క్ విప్పి, అదే అవైలబిలిటీ జోన్‌లో ఉన్న ఇంకో సర్వర్‌కి తగిలించి, ఫైల్ సరిచేసి, పాత డివైస్ పేరుతోనే తిరిగి పెట్టాలి. పేరు ముందే రాసిపెట్టుకోండి. ఎలాస్టిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) లేకపోతే స్టాప్ చేసి స్టార్ట్ చేసినప్పుడు పబ్లిక్ ఐపీ మారుతుందని కూడా గుర్తుంచుకోండి, లేకపోతే సరిచేశాక కూడా పాత అడ్రస్‌కే కొడుతూ కూర్చుంటారు.

ఉబుంటు కొత్త వెర్షన్లలో, 22.10 నుంచి, ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్‌లో వినేది సాకెట్ యూనిట్, అంటే సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ పోర్ట్ దగ్గర పెట్టే కాపలా. కాన్ఫిగ్ ఫైల్‌లో పోర్ట్ మార్చి సర్వీస్ ఒక్కటే రీస్టార్ట్ చేస్తే అది పాత పోర్ట్‌లోనే ఉండిపోవచ్చు. సిస్టమ్‌డీని రీలోడ్ చేసి సాకెట్‌ని కూడా రీస్టార్ట్ చెయ్యాలి.

ఇంకోసారి ముట్టుకునేముందు

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు పడిపోయాయి, మీకు గుర్తుండే ఉంటుంది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల బ్యాక్‌బోన్ నెట్‌వర్క్‌ని మొత్తం తెంచేసింది, ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడిన వాళ్ల సొంత టూల్స్ కూడా దాంతో పోయాయి. ఇంజినీర్లు రిమోట్‌గా వెళ్లలేక డేటాసెంటర్లకి మనుషుల్ని పంపాల్సి వచ్చింది. మనది టీవీ వెనక చిన్న డబ్బాయే గానీ చిక్కు అదే: వెళ్లే దారిని ఆ దారిలోనే నిలబడి తవ్వుతున్నాం.

అందుకని రెండో దారి ముందు వెయ్యాలి. నేను టెయిల్‌స్కేల్ పెట్టాను, దానికి పోర్ట్ ఫార్వార్డింగ్ అక్కర్లేదు, సీజీనాట్ ఉన్నా వెళ్తుంది. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, దాని కీ డిఫాల్ట్‌గా 180 రోజులకి ఎక్స్‌పైర్ అవుతుంది, ఆర్నెల్లు హాయిగా నడిచి ఒక రోజు చెప్పకుండా ఆగిపోతుంది. ఊళ్లో ఉండే మెషీన్‌కి అడ్మిన్ పేజీలో కీ ఎక్స్‌పైరీ ఆపెయ్యండి.

తర్వాత, ఫైర్‌వాల్ ముట్టుకునే ప్రతిసారీ దాన్ని ఐదు నిమిషాల్లో తనంతట తనే ఆఫ్ అయ్యేలా ముందు టైమర్ పెట్టండి, సిస్టమ్‌డీ-రన్‌తో ఒక్క లైను. అంతా బాగుంటే టైమర్ రద్దు చేస్తారు, లాకౌట్ అయితే ఐదు నిమిషాలు టీ తాగి వస్తే తలుపు తెరిచి ఉంటుంది. నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగుల టూల్) వాడేవాళ్లకి ‘అప్లయ్’ బదులు ‘ట్రై’ ఉంది, 120 సెకన్లలో మీరు ఓకే అనకపోతే పాత సెట్టింగుకి వెళ్లిపోతుంది. మైక్రోటిక్ రౌటర్లలో సేఫ్ మోడ్ కూడా ఇలాంటిదే. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ మారిస్తే రీస్టార్ట్ చేసేముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ పక్కన మైనస్ టి పెట్టి కొట్టండి, ఫైల్‌లో అచ్చుతప్పులుంటే అక్కడే చెబుతుంది. పోర్ట్ మారుస్తుంటే కొత్త పోర్ట్‌ని ఫైర్‌వాల్‌లో ముందు తెరవాలి, పాతది రెండు రోజుల తర్వాత మూయాలి. రౌటర్‌లో మెషీన్‌కి ఐపీ రిజర్వ్ చెయ్యండి, రెండింటినీ ఇన్వర్టర్ లైను మీద పెట్టించండి.

చివరిగా, మా ఇంట్లో టీవీ స్టాండు సొరుగులో ఇప్పుడు మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక యూఎస్‌బీ కీబోర్డు ఉంటాయి. వాటితోపాటు నాన్న చేతిరాతతో ఒక కాగితం ఉంది: యూజర్ పేరు, పై లోకల్ ఐపీ, ఏ రంధ్రంలో ఏ వైరు, పాస్‌వర్డ్ కొడుతుంటే కనబడదన్న సంగతి, ఎట్ గుర్తుకి ఏ మీట నొక్కాలో. పాస్‌వర్డ్ మాత్రం అందులో లేదు, అది అమ్మ బీరువాలో వేరే కాగితం మీద ఉంది.